మేస్త్రి పూర్తి చేసిన కోట

ఆ రోజుల్లో మాదాపూర్ వైపు వెళితే పూర్తయిన గోడ కనిపించడమే అరుదు. తొంభైల చివరి సంగతి. గుండ్రంగా ఉండే ఆ పెద్ద భవనం ఒక్కటే అద్దాలు బిగించుకుని ముస్తాబై కూర్చుంది. దాని చుట్టూ బండరాళ్ళు, కంకర కుప్పలు, ఇటుకల దొంతరలు, తల పైకెత్తి చూస్తే ఇనుప చువ్వలు. బస్సు దిగి ఆఫీసుకు నడిచేసరికి నా చుడీదారు అంచులు సిమెంటు రంగుకు తిరిగేవి. సాయంత్రం ఇంటికి వెళితే మా పిన్ని నన్ను గుమ్మంలోనే ఆపి, "నువ్వు చేసేది కంప్యూటర్ ఉద్యోగమా, తాపీ పనా, నిజం చెప్పవే" అని అడిగేది. నిజం చెప్పాలంటే, ఆ ఏడాది నేను స్వీడన్ దేశంలో ఒక సరస్సు ఒడ్డున ఉన్న మూడు వందల ఏళ్ళ నాటి కోటను మాదాపూర్‌లో మళ్ళీ కట్టే పనిలో ఉన్నాను. కాబట్టి పిన్ని అనుమానం పూర్తిగా తప్పేమీ కాదు.

నేనా పనిలోకి ఎలా వచ్చానో చెప్పాలి. మాది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. మా ఇంట్లో పుట్టినవాళ్ళకు రెండే దారులు: చాక్‌పీస్ పట్టుకోవడం, లేదా సిరంజి పట్టుకోవడం. నాన్న హెడ్మాస్టరు, అమ్మ టీచరు, పెద్దత్త టీచరు, చిన్నత్త నర్సు, పిన్ని కూడా నర్సే. సూది చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి కనుక నేను బి.ఎడ్. చదవాలని నేను పదో తరగతిలో ఉండగానే తీర్మానం అయిపోయింది. ఎమ్మే ఇంగ్లీషు అయ్యాక, హఫీజ్‌పేటలో కిరాయికి ఉంటున్న పిన్ని దగ్గరికి 'నాలుగు రోజులు చూసొస్తా'నని వచ్చి, పేపర్లో ప్రకటన చూసి ఈ ఉద్యోగంలో చేరిపోయాను. నాన్న కోప్పడలేదు. (ఆయన కోప్పడితే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని.) నెమ్మదిగా ఒకే మాట అన్నారు. "ప్రొబేషన్ అయ్యేసరికి పర్మనెంట్ చేస్తే నీ ఇష్టం. చేయకపోతే బి.ఎడ్." సెలవుకు ఇంటికి వెళితే నా బల్ల మీద బి.ఎడ్. ఎంట్రన్సు పుస్తకం ఉంది. దానికి గోధుమరంగు అట్ట వేసి, లేబుల్ అంటించి, నా పేరు కూడా రాసి ఉంచారు. ఆ అట్ట నున్నదనం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

మా ఆఫీసు ఒక శానిటరీ సామాన్ల కొట్టు పైన ఉండేది. బొమ్మలు కదిలే సి.డి.లు తయారుచేయడం మా వ్యాపారం. మా యజమాని కృష్ణా జిల్లా వాడు. ఏం కూలిపోతున్నా "ప్రశాంతంగా ఉండండి" అనడం ఆయనకు అలవాటు కనుక ఆయన చాటున అందరం ఆయన్ని ప్రశాంతం గారనేవాళ్ళం. కంప్యూటర్లో ఇళ్ళు, గదులు కట్టే మనిషి నల్లగొండ వైపు నుంచి వచ్చాడు. అంతకుముందు కూకట్‌పల్లిలో ఒక బిల్డరు దగ్గర ఇళ్ళ ప్లాన్లు గీసేవాడు. అందుకని అతని పేరు మేస్త్రి అయింది. వంకర గీత కనిపిస్తే మేస్త్రికి అన్నం సయించదు. ఎదుటివాడి చొక్కా కాలరు మడతపడి ఉంటే మాట్లాడుతూ మాట్లాడుతూనే సరిచేసేవాడు. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. అతను గది కడితే, ఆ గది గురించి నేను నాలుగు ముక్కలు రాయాలి. అదీ మా పని.

కోట వాళ్ళది మా కంపెనీకి దక్కిన మొదటి విదేశీ పని. కోటను చూసుకునే మ్యూజియంలో ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడ పేరు పలకడానికి మాలో ఎవరికీ నోరు తిరగక కోటమ్మ అని పెట్టుకున్నాం. ఆవిడ గదుల ఫోటోలు ఒక పెట్టెడు కొరియర్లో పంపింది. చరిత్రను మాత్రం తనే ఇంగ్లీషులోకి మార్చి ఒక్కొక్క అధ్యాయం ఈమెయిల్లో పంపేది. ఆ కోట కట్టించింది ఒక సేనాధిపతి. యూరప్ అంతా యుద్ధాలు చేసి, గెలిచిన ఊళ్ళ నుంచి పుస్తకాలు, కత్తులు, పటాలు బళ్ళకెత్తించి తెచ్చి, ఇవన్నీ పెట్టుకోవడానికి చోటు కావాలని కోట మొదలుపెట్టాడు. తెల్లటి గోడలు, నాలుగు మూలలా నాలుగు బురుజులు. లోపల గదులకు బంగారు పూత పూసిన తోలును గోడకాగితంలా అంటించారు. పైకప్పుల నిండా సున్నంతో చేసిన దేవతలు, పళ్ళగుత్తులు, రెక్కల గుర్రాలు. కొవ్వొత్తులు తప్ప దీపం లేదు, ఇప్పటికీ కరెంటు పెట్టలేదట. ఇంతా చేసి ఆ మహానుభావుడు అందులో చుట్టపుచూపుగా తప్ప కాపురం ఉన్నది లేదు.

ఈ పద్ధతిని బారోక్ అంటారని నేను మేస్త్రికి వివరంగా చెప్పాను. (అంతకు రెండు రోజుల ముందే నాకూ తెలిసింది.) అతను ఫోటోలన్నీ తిరగేసి, "సమజైంది చెల్లె. యాడ ఖాళీ కనవడితే ఆడ ఒక పువ్వు పెట్టాలె. అంతే గద" అన్నాడు. నా నాలుగు పేజీల నోట్సు కన్నా అదే నయమనిపించింది. గదుల తలుపులన్నీ ఒకే వరసలో ఉండి, మొదటి గదిలో నిలబడితే చివరి గది కిటికీ కనిపించడం అతనికి బాగా నచ్చింది. "దర్వాజకు ఎదురుంగ దర్వాజ. వాస్తు సూసే కట్టిన్రు" అని మెచ్చుకున్నాడు. సేనాధిపతి మంచం ఒక్కటే నచ్చలేదు. కొలతలు చూస్తే అది మరీ పొట్టి. "గంత పెద్ద మనిషి కాళ్ళు ముడ్సుకోని పంటడా? కొలత తప్పు రాసిన్రు" అని మంచాన్ని ఆరడుగులకు సాగదీశాడు. నేనూ నిజమే పాపం అనుకున్నాను.

అలా గదులన్నీ కట్టుకుంటూ పై అంతస్తుకు వెళ్ళాం. అక్కడ కోటలోకెల్లా పెద్ద హాలు ఉంది. దానికి ఒకే ఒక్క ఫోటో, అదీ మసకగా ఉంది. అందులో ఇటుకలు బయటికి కనిపిస్తున్నాయి. పైకప్పు లేదు, దూలాలే. ఒక పక్క పరంజా, దాని మీద పలకలు, కింద తాళ్ళు, తాపీల్లాంటివి ఏవో దుమ్ము పట్టి పడి ఉన్నాయి. మేస్త్రి ఫోటోను వెలుతురుకు పెట్టి చూసి, "రిపేర్లు నడుస్తుండంగ దీసిన్రు చెల్లె. పని పెండింగుల ఉంది" అన్నాడు. నాకు వేరే ఆలోచన రావాల్సిన అవసరమే కనపడలేదు. మా కిటికీ తెరిస్తే కనిపించేది కూడా అచ్చం అదే కదా. ఈ సి.డి. బయటికి వచ్చే నాటికి వాళ్ళ పని ఎలాగూ అయిపోతుంది, అప్పటికి మన బొమ్మ పాతబడిపోతుంది అనుకున్నాం.

ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. నేను అడుగుదామనే అన్నాను. ప్రశాంతం గారు వద్దన్నారు. "ఏమ్మా, ఎవరైనా మన ఇంటికొచ్చి, ఈ గది ఇంకా ప్లాస్టరింగ్ అవలేదేంటండీ అని అడిగితే మనకెలా ఉంటుంది? ఏవో ఇబ్బందులుంటాయి. పెద్దావిడ. ఎత్తిచూపినట్టుంటుంది. అడక్కు." మేస్త్రి ఇంకో అడుగు ముందుకేశాడు. "పెండింగుల ఉన్న ఇల్లు దునియకంత సూపిస్తే ఆమె ఇజ్జత్ పోతది. మనమే పూర్తి జేద్దాం." ఆ మాటలో వ్యాపారం లేదు. నిజంగా ఆవిడ మీద జాలిపడే అన్నాడు. అలా మేము ముగ్గురం, పరాయి దేశపు ఆడమనిషి పరువు కాపాడే బాధ్యత మా నెత్తిన వేసుకున్నాం.

మేస్త్రి ఆ హాలు పూర్తి చేసిన తీరు చెప్పాలంటే ఇప్పటికీ నాకు గర్వంగానే ఉంటుంది. కింది గదుల్లోని పనితనమంతా అరువు తెచ్చి వారాల తరబడి కూర్చున్నాడు. నేల మీద తెలుపు నలుపు పాలరాతి గళ్ళు పరిచాడు. గోడలకు బంగారు తోలు వేశాడు. పైకప్పు మధ్యలో రెక్కల గుర్రం నోటినుంచి దీపాల గుత్తి వేలాడదీశాడు. ఇక నేను ఊరుకుంటానా? 'ఈ సభామందిరంలో వందలాది కొవ్వొత్తుల వెలుగులో రాజులు, రాయబారులు విందులారగించిన రాత్రులు ఎన్నో' అంటూ ఒక పేరా రాశాను. అలాంటి విందు ఒక్కటైనా జరిగినట్టు నాకెవరూ చెప్పలేదు. అంత చక్కటి హాలు ఉన్నాక విందులు జరగకుండా ఎలా ఉంటాయని నా నమ్మకం. ప్రశాంతం గారు ఆ హాలును రెండుసార్లు చుట్టూ తిప్పించుకుని చూశారు. తర్వాత, "ఈ పని ఆవిడకు నచ్చితే నీ కన్ఫర్మేషన్ నేనే టైపు చేయిస్తానమ్మా" అన్నారు. ఆ రాత్రి పిన్నితో కలిసి ప్రార్థన చేసేటప్పుడు ఆ రెక్కల గుర్రానికి కూడా మనసులో స్తోత్రం చెప్పుకున్నాను.

చివరికి కోటమ్మ పని చూసుకోవడానికి స్వయంగా హైదరాబాద్ వచ్చింది. సాయంత్రం నాలుగింటికి మా ఆఫీసుకు వస్తుందనగా ఆ రోజు పొద్దున సంగతి ఇది. ఆ వారమంతా మాకు ఫోను లైను లేదు. వెనక స్థలంలో పునాది తవ్వుతూ కేబుల్ తెంపేశారు. ఆ పొద్దున లైను బాగుచేసి వెళ్ళారు. మోడెం తన మామూలు ఏడుపు ఏడ్చి, వారం రోజుల ఉత్తరాలన్నీ దించడం మొదలుపెట్టింది. అందులో కోటమ్మ బయల్దేరే ముందు పంపిన చరిత్ర చివరి అధ్యాయం ఉంది. టీ తాగుతూ తీరిగ్గా చదవడం మొదలుపెట్టాను.

సేనాధిపతి దూరాన ఎక్కడో చనిపోయాడట. ఆ కబురు కోటకు చేరేసరికి పై అంతస్తులో పెద్ద హాలు పని జరుగుతోంది. పనివాళ్ళు చేతిలో సామాను ఎక్కడిదక్కడ దించేసి వెళ్ళిపోయారు. వారసులెవరూ ఆ పని మళ్ళీ మొదలుపెట్టలేదు. ఆ హాలు ఆ రోజు ఎలా ఉందో ఈ రోజుకీ అలాగే ఉంది. ఆనాటి పరంజా, ఆనాటి తాపీలు కూడా అవే. 'మా కోటకు ఎంతెంత దూరాల నుంచో జనం వచ్చేది ముఖ్యంగా ఈ గది కోసమే. మేము ఒక్క ఇటుకను కూడా ముట్టుకోకుండా కాపాడుతున్నాం. మన సి.డి. ఈ గదితో ముగియాలి' అని రాసింది ఆవిడ. టీ గ్లాసు బల్ల మీద పెట్టాను. గోధుమరంగు అట్ట కళ్ళ ముందు కనిపించింది. దాని మీద నా పేరు ఎంత గుండ్రంగా రాశారో కూడా కనిపించింది.

మేస్త్రిని పిలిచి తెలుగులో చెప్పాను. అతను మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"అంటే పని ఆగిపోయిందా? గప్పటి సంది?"

"అప్పటి నుంచీ అన్నా."

"మల్ల ఎవ్వలు జెయ్యలే?"

"లేదు."

"గా సగం గోడలు సూడనీకే వస్తరా మంది?"

"టికెట్ కొనుక్కుని వస్తారట."

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. ఇటుకలు, చువ్వలు, పరంజాలు, కనుచూపు మేరా అవే. "గట్లయితే మన మాదాపూర్ మొత్తం మ్యూజియమే గద చెల్లె" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అతని కళ్ళు మాత్రం ఆ కిటికీ దగ్గరే ఆగిపోయాయి. కాసేపటికి, "జర ఆగు. పరేషాన్ గాకు. మనకు గావల్సిన గోడ గాడనే ఉంది" అన్నాడు.

ఉపాయం చిన్నదే. కోట వాళ్ళు పంపిన మసక ఫోటో ఒక్కటితో నాలుగు గోడలు నింపలేం. కానీ పక్కనే లేస్తున్న బిల్డింగులో ప్లాస్టరింగ్ కాని గోడలు కావలసినన్ని ఉన్నాయి. వాటిని ఫోటోలు తీసి, హాలు గోడల మీద బంగారు తోలు పీకేసి వీటిని అతికించాలి. తర్వాత ఆ హాలును కంప్యూటర్ మళ్ళీ మొదటి నుంచీ గీయాలి. దానికి గంటలు పడుతుంది. అంటే తీసిన ఫోటోలు తీసినట్టే అతికించడం తప్ప, తీరిగ్గా చూసుకునే వ్యవధి లేదు. ఆఫీసులో ఫ్లాపీలో బొమ్మలు దాచుకునే కెమెరా ఒకటుండేది. అది ప్రశాంతం గారి బీరువాలో ఉంటుంది. నేను వెళ్ళి, "సార్, ఆ పెద్ద హాలు విషయంలో ఒక చిన్న..." అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. "ప్రమాదమా?"

"అవునండీ."

"నేను తెలుసుకుంటే బాగవుతుందా?"

"అవ్వదండీ."

"అయితే చెప్పకమ్మా. నాకు తెలియకపోతే ఆవిడ ముందు నేనన్నా ప్రశాంతంగా ఉంటాను" అని బీరువా తాళాలు నా చేతిలో పెట్టారు.

పక్క బిల్డింగులో పని చేయిస్తున్న పాలమూరు పెద్దాయన మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయాడు. "ఏంది మేడం, గంత మంచిగ గుండ్రంగ ఉన్న బిల్డింగు ఇడ్సిపెట్టి గీ గోడలు దీస్తున్రు?" అన్నాడు. మాకు ఇలాంటి గోడలే కావాలన్నాను. "ఇయ్యాల పగటికి ప్లాస్టరింగ్ మొదలువెడుతున్నం. రేపొస్తిరా, సక్కగ నున్నగ వస్తయి ఫోటోలు" అని సలహా ఇచ్చాడు. "వద్దు పెద్దాయనా, కాసేపు ఏమీ చేయకండి, మీకు దణ్ణం పెడతాను" అని బతిమాలాను. పని త్వరగా చేయమని మేస్త్రీలను బతిమాలేవాళ్ళను ఆయన చాలామందిని చూసి ఉంటాడు. చేయొద్దని బతిమాలింది బహుశా నేనొక్కదాన్నే. ఇటుక గోడ, వెదురు పరంజా, తట్టలు, పారలు, మూలనున్న ఇసుక, ఏదీ వదలకుండా మేస్త్రి చకచకా తీసేశాడు.

మధ్యాహ్నానికి అతికించడం అయింది. కంప్యూటర్ గీయడం మొదలుపెట్టింది. తెర మీద ఒక సన్నటి నీలం గీత ఒక చివర నుంచి ఇంకో చివరకు పాకాలి. అది చివరికి చేరితే నేను మాదాపూర్‌లో ఉంటాను, చేరకపోతే గుంటూరులో ఉంటాను. ప్రశాంతం గారి చెవిన పడకుండా కింద కొట్టులోకి వెళ్ళి పిన్ని దవాఖానాకు ఫోన్ చేశాను. "పిన్నీ, అర్జెంటుగా ప్రార్థన చెయ్యి."

"దేని గురించే?"

"కరెంటు పోకూడదని."

పిన్ని, "ఏ ఏరియా?" అని అడిగింది. (పిన్ని ఏదైనా వివరంగా అడుగుతుంది, దేవుణ్ణయినా.) ఆ రోజు మాదాపూర్‌లో కరెంటు పోలేదు. కూకట్‌పల్లిలో పోయిందని తర్వాత విన్నాను.

నీలం గీత చివరికి చేరడం, మెట్ల మీద కోటమ్మ అడుగుల చప్పుడు వినపడడం ఇంచుమించు ఒకేసారి జరిగాయి. ఆవిడ బాగా పొడుగు, తెల్లగా నెరిసిన పొట్టి జుట్టు, అంటీ అంటనట్టు ఒక నవ్వు. చక్కెర లేని కాఫీ తెప్పించుకుని మేస్త్రి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. మొదటి గది, రెండో గది, బంగారు తోలు, దేవతలు, అన్నీ నచ్చాయి. సేనాధిపతి పడకగదిలో మాత్రం ఆగింది. "ఈ మంచం మా దగ్గర ఉన్నప్పటి కన్నా ఇక్కడికొచ్చాక పెరిగింది" అంది. ఆ రోజుల్లో గొప్పవాళ్ళు వెనక దిండ్లు పెట్టుకుని సగం కూర్చునే నిద్రపోయేవాళ్ళట, అందుకే మంచాలు పొట్టిగా ఉంటాయట. నేను తెలుగులో చెబితే మేస్త్రి, "మా ఊరి బస్సుల గూడ గట్లనే పంటం" అని గొణిగాడు. ప్రశాంతం గారు ప్రశాంతంగా నవ్వారు. ఇక పై అంతస్తు మిగిలింది.

హాలు తలుపు తెరుచుకుంది. ఇటుక గోడలు, దూలాలు, పరంజా, ఇసుక, తట్టలు. ఆవిడ ముందుకు వంగింది. మౌసు తనే అందుకుని తెర మీది బాణాన్ని మెల్లగా హాలు చుట్టూ తిప్పింది. ఎడమ గోడ అయింది, కిటికీలు అయ్యాయి, పరంజా వచ్చింది, పరంజా చివర ఆగింది. అప్పుడు చూశాను నేను. వెదురు గడ చివర నల్లటి కుండ తలకాయతో, తెల్లటి కోరలతో, గిరజాల మీసాలతో, బారెడు ఎర్ర నాలుకతో, ఎవరిదో పాత చారల చొక్కా తొడుక్కుని, గడ్డి చేతులు చాచుకుని దిష్టిబొమ్మ వేలాడుతోంది. స్వీడన్ సేనాధిపతి కోటలో, రాజులు విందులారగించిన హాలులో.

మేస్త్రి తీశాడు, అతికించాడు, నేను పక్కనే ఉన్నాను. ఇద్దరికీ కనపడలేదు. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రతి బిల్డింగుకూ చూసేది కనుకనే కనపడలేదు. ఇటుక ఎలాంటిదో, ఇసుక ఎలాంటిదో, మా కళ్ళకు అదీ అలాంటిదే.

"ఈయన ఎవరు?" అని అడిగింది కోటమ్మ.

ప్రశాంతం గారు కిటికీ వైపు తిరిగి వాతావరణం చూడసాగారు. మేస్త్రి నా వైపు చూశాడు. మా పిన్ని దిష్టి అన్న మాట వింటేనే బైబిలు తీసే మనిషి. అలాంటి ఇంట్లో పెరిగిన నేను, ఒక స్వీడన్ క్రైస్తవురాలికి దిష్టిబొమ్మ గురించి ఇంగ్లీషులో వివరించడం మొదలుపెట్టాను. ఒక్క ఫోటో చాలక పక్క బిల్డింగు గోడలు అతికించామని ఒప్పుకుని, మా వైపు ఇల్లు కడుతున్నప్పుడు దారిన పోయేవాళ్ళ కన్ను పడకుండా ఇలా ఒక బొమ్మను కడతారని, చూసేవాళ్ళ చూపు ఇంటి మీద కాకుండా దీని మీద పడాలని, అందుకే ఇంత వికారంగా చేస్తారని చెప్పాను. పని జరుగుతున్నన్నాళ్ళూ ఉంచి, ఇల్లు పూర్తయ్యాక తీసేస్తారని ముగించాను.

ఆవిడ శ్రద్ధగా విని, "ఇల్లు పూర్తి కాకపోతే?" అంది.

నేను తెలుగులో అడిగాను. మేస్త్రి చాలా మామూలుగా, "కాకుంటే ఉంటదంతే. యాడికి వోతది" అన్నాడు.

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసింది. కోపమనుకుని నేను కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ నవ్వుతోంది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కాఫీ కప్పు కదిలింది, తర్వాత ఆపుకోలేక చేతిరుమాలు వెతుక్కుంది. "ఎన్ని యుద్ధాలు జరిగాయో, ఎంతమంది వారసులు కోటను ఏం చేద్దామా అని కొట్టుకున్నారో. ఆ హాలుకు మాత్రం ఏమీ కాలేదు. ఎవరు కాపలా ఉన్నారో మాకు ఇన్నాళ్ళూ తెలియలేదు" అంది. నాకు ఊపిరి ఆడింది. అలా ఊపిరి ఆడడం మళ్ళీ నా పెద్దకూతురు పుట్టినప్పుడే.

తర్వాత మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని పనిలోకి దిగింది. ఈయన్ని తీసేయాలి, వెదురు తీసేయాలి, మా దేశంలో వెదురు ఉండదు, హాలు ఫోటోలు ఇంకా చాలా పంపిస్తాను, దీనికి మీకు ఇంకో నెల గడువిస్తాను అంది. లేవబోతూ ఒక మాట అంది. "నాకు ఒకటే భయం ఉండేది. ఆ హాలు చూసిన ప్రతివాళ్ళకూ దాన్ని పూర్తి చేసి చూపించాలని చేతులు దురద పెడతాయి. మీకా ఆలోచన రాలేదు. అందుకు మీకు చాలా కృతజ్ఞతలు." మేస్త్రి తల పైకెత్తి ఫ్యాను చూశాడు. నేను నేల చూశాను. అప్పుడే కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగిన ప్రశాంతం గారు, "పాత కట్టడాలంటే మాకు గౌరవమండీ" అన్నారు. పొద్దున సంగతేమీ వినని మనిషి అంత నిండుగా అబద్ధమాడగలడని నేననుకోలేదు. పూర్తయిన ఆ హాలు చూసి మురిసిపోయింది ఆయనే.

ఆవిడ వెళ్ళాక మేస్త్రి తన పూర్తి చేసిన హాలును ఒక్కసారి తెరిచాడు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం. పాలరాతి గళ్ళు, దీపాల గుత్తి, రెక్కల గుర్రం. సేనాధిపతి కళ్ళతో చూడకుండానే పోయిన హాలు పూర్తయి ఉన్నది ప్రపంచం మొత్తం మీద ఆ బల్ల మీదే. "మంచిగున్నది గదా చెల్లె" అన్నాడు. చాలా బాగుందన్నా అన్నాను. అతను దాన్ని తుడిపేశాడు. నా రాజుల విందు పేరా కూడా దాంతోపాటే పోయింది. పోనీలే అనుకున్నాను, తిన్నవాళ్ళు ఎవరూ లేరు.

మర్నాడు ప్రశాంతం గారు నా కన్ఫర్మేషన్ టైపు చేయించారు. ఎస్.టి.డి. బూత్ నుంచి చెబితే నాన్న, "మంచిదమ్మా" అన్నారు. ఆ పుస్తకం మా పెదనాన్న కూతురికి వెళ్ళింది, నా పేరు మీద ఆమె పేరు లేబుల్ అంటించి. ఆమె ఇప్పుడు మంచి టీచరు. ఆ అట్ట ఇంకా చిరగలేదట.

ఆ సి.డి. నా దగ్గర ఇప్పటికీ ఉంది, పెట్టి చూద్దామంటే దాన్ని మింగే కంప్యూటరే ఎక్కడా దొరకడం లేదు. మేము ప్రగతి నగర్‌లో ఇల్లు కట్టుకున్నాం. రిటైరయ్యాక పిన్ని మా దగ్గరే ఉంటోంది. మేడ మీద ఒక గది మాత్రం ప్లాస్టరింగ్ లేకుండా ఉండిపోయింది. ఒక వేసవి పిల్లల పరీక్షలు, ఒక వేసవి ముందే వచ్చిన వానలు, ఒక వేసవి మాకే బద్ధకం. ఇల్లు కట్టినాయన ఆ గది చూరుకు దిష్టిబొమ్మను కట్టి వెళ్ళాడు. గృహప్రవేశం ప్రార్థన రోజున దాన్ని చూసి పిన్ని, "ప్రభువా, మనింట్లో ఇదేమిటే" అని చెంపలు పట్టుకుంది. పని అయ్యాక తీసేస్తారులే పిన్నీ అన్నాను. ఆ తర్వాత సాయంత్రాలు ఆ గదిలోనే కూర్చోవడం అలవాటైంది. అక్కడ గాలి బాగా వస్తుంది, చెరువు కూడా కొంచెం కనిపిస్తుంది.

మొన్న ఒకాయన వచ్చి గది కొలిచి, సోమవారం నుంచి ప్లాస్టరింగ్ మొదలుపెట్టమంటారా అని అడిగాడు. నేను పిన్ని వైపు చూశాను. ఈ బొమ్మ మీద ఇన్నేళ్ళుగా ఫిర్యాదు ఆవిడదే కదా, తీర్పు కూడా ఆవిడే చెప్పాలి. పిన్ని ఇటుకలను చూసింది, దూలం చూసింది, ఎండకు వెలిసిపోయిన మీసాలతో వేలాడుతున్న వాణ్ణి చూసింది. "ఇప్పుడంత తొందరేముందే? వాడెవర్నేమన్నాడు? ఉండనీ. పని ఇంకా కాలేదుగా" అంది. గది కొలిచినాయన నా వైపు చూశాడు. సిమెంటు అంటిన చుడీదారు అంచులతో, అన్నీ వెంటనే పూర్తయి కన్ఫర్మ్ అయిపోవాలని నీలం గీత వైపు కళ్ళప్పగించి కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. ఇంకో వేసవికి చూద్దాం లెండి అని ఆయనకు టీ ఇచ్చి పంపించాను.